చార్టులో రాయని గోడ మన్ను

పోయిన మంగళవారం మధ్యాహ్నం, పప్పుకు పోపు పెట్టి గ్యాసు కట్టేసి ఇంకా చేతులైనా తుడుచుకోకముందే, మా నాచారం అపార్ట్‌మెంటు వాచ్‌మన్ తలుపు తట్టి, పై ఫ్లాటు అమ్మాయి ఆఫీసు మీటింగులో ఉండి ఫోను ఎత్తడం లేదనీ, ఆమె పార్సిలు కాసేపు మీ దగ్గర ఉంచమనీ చెప్పి నా చేతిలో ఒక అట్టపెట్టె పెట్టి వెళ్ళాడు. ఆ పెట్టె ఒక మూల చిరిగి ఉంది. ఆ చిరుగులోంచి నాలుగు ఎర్రటి పెంకుముక్కలు నా వంటింటి గట్టు మీద పడ్డాయి. గట్టు ఇంకా తడిగా ఉందేమో, తొలకరి చినుకు నేల మీద పడ్డప్పుడు వచ్చే వాసన ఒక్కసారిగా గది నిండా లేచింది. కళ్ళజోడు వెతికి పెట్టుకుని పెట్టె మీద అచ్చువేసింది చదివితే, అవి తినడానికి కాల్చిన మట్టి బిళ్ళలట, కల్తీ లేనివట, చేత్తో చేసినవట. నేను అక్కడే కుర్చీలో కూర్చుండిపోయాను. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

సాయంత్రం ఆ అమ్మాయి మెట్లు దిగి వచ్చింది. ఆరో నెల. మొహం పాలిపోయి ఉన్నా కళ్ళల్లో అల్లరి తగ్గలేదు. హనుమకొండ నుంచి వచ్చి ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల, నన్ను ఆంటీ అంటుంది, వద్దన్నా మానదు. పార్సిలు సంగతి ఎత్తితే సిగ్గుపడుతుందనుకున్నాను గాని, ఈ కాలం పిల్లలకు మనకున్నన్ని సిగ్గులు లేవు, "అందరు తింటరు ఆంటీ, రివ్యూలు గూడ మంచిగున్నయి" అని నవ్వేసింది. నేను పార్సిలు ఇవ్వలేదు. ఎందుకివ్వనో ఆ పిల్లకు చెప్పాను. అంతకుముందు ఎవరికీ, పోయిన మావారికి కూడా, చెప్పని మాట అది. ఒకసారి నోరు దాటాక ఇక ఆగదని తెలిసింది కాబట్టి, నా ఈడు వాళ్ళు చదువుతారనే ధైర్యంతో ఇక్కడ రాస్తున్నాను.

ముప్ఫై ఏళ్ళు దాటిన మాట. నేను తెనాలి పక్క పల్లె నుంచి నర్సింగు చదువు పూర్తిచేసుకుని, ఒక రేకుపెట్టె, రెండు తెల్ల చీరలు, బోలెడు గర్వం పట్టుకుని ఈ ఊరికి వచ్చాను. ఉప్పల్‌లో ఇంకో నర్సుతో కలిసి ఒక గదిలో ఉండేదాన్ని. ఉప్పల్ చౌరస్తాలో అప్పటికి ఈ మెట్రో స్తంభాలు లేవు, దుమ్మూ బస్సులూ మాత్రం ఇప్పటికన్నా తక్కువేమీ కాదు. నాచారంలో ఫ్యాక్టరీల మధ్య ఒక ముప్ఫై మంచాల ఆసుపత్రి ఉండేది, ఇప్పుడది లేదు, ఆ స్థలంలో ఫర్నిచరు షోరూము వెలిసింది. కార్మికులూ వాళ్ళ కుటుంబాలూ వచ్చే ఆసుపత్రి కావడంతో మాకు వచ్చే జబ్బులు కూడా మా పుస్తకాల్లో ఉన్నట్టు బుద్ధిగా ఉండేవి కావు. ఒకడు నీలంగా మారి వచ్చేవాడు, రంగుల ఫ్యాక్టరీలో పనిచేశాడని తేలేది. ఇంకొకడు ప్రతి సోమవారం జ్వరంతో వచ్చి శనివారానికి బాగుపడేవాడు, ఆదివారం సెలవు తర్వాత మళ్ళీ లోహపు పొగ పీల్చడం వల్లనని తేలేది. అలా తేల్చేవారు మా పెద్ద డాక్టరుగారు.

ఆయన గురించి రెండు మాటలు చెప్పకపోతే కథ నడవదు. బట్టతల, వంగిన నడుము, జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం. రోగి దగ్గరికి వెళ్ళి స్టెతస్కోపు తీయకముందు అరచేతులు చూసేవారు, గోళ్ళు చూసేవారు, ఒక్కోసారి వాసన కూడా చూసేవారు, మేము తలలు తిప్పుకుని నవ్వుకునేవాళ్ళం. ఆయన అన్నిటికన్నా ఎక్కువ నమ్మేది నర్సు రాసే ఇన్‌టేక్ చార్టును. రోగి నోట్లోకి పోయే ప్రతిదీ, గుక్కెడు నీళ్ళతో సహా, ఏ వేళకు ఎంత అని గళ్ళల్లో రాసే కాగితం అది. మిగతా డాక్టర్లు దాన్ని తిరగేసి చూసేవారు కూడా కాదు. ఈయన మాత్రం, "అమ్మాయ్, ఈ చార్టే నాకు కళ్ళు, నువ్వు రాయనిది నాకు కనపడదు" అనేవారు. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని పదిమందిలో మెచ్చుకునేవారు. ఆ మెప్పు వింటే నాకు ప్రాణం లేచివచ్చేది, నిజం ఒప్పుకోవద్దూ.

ఒక ఎండాకాలం ఉదయం జనగామ అవతలి పల్లె నుంచి బతకడానికి వచ్చిన ఒక అమ్మాయిని ఆమె పెనిమిటి ఆటోలోంచి ఎత్తుకుని దింపాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో, అయిదో నెల దాటిన కడుపు. కడుపులో మెలిపెట్టే నొప్పితో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని పడుకుంది. వారం నుంచి విరేచనం లేదు. రక్తం లేక పెదవులు తెల్లగా పాలిపోయాయి. అప్పటికే మూడు చోట్ల చూపించారు. ఒకచోట గ్యాసన్నారు, ఒకచోట అపెండిసైటిసేమోనన్నారు, మూడోచోట పని తప్పించుకోవడానికి నాటకమన్నారు. ఆ మూడో మాట చెబుతూ ఆమె పెనిమిటి, అంత పొడుగు మనిషి, కళ్ళు తుడుచుకున్నాడు. ఆమె నన్ను వచ్చిన పూట నుంచే అక్కా అంది. నాకు చెల్లెలు అయిపోయింది.

పెద్ద డాక్టరుగారు ఆమె కింది పెదవిని కిందికి లాగి, భూతద్దం పెట్టి చూసి, మమ్మల్నందరినీ పిలిచారు. చిగుళ్ళ అంచున కాటుకపుల్లతో గీసినట్టు సన్నటి నీలి గీత ఉంది. ఆ తర్వాత రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి, మైక్రోస్కోపు కింద మాకు ఒక్కొక్కరికీ చూపించారు. ఎర్రకణాల మీద ఆవాలు చల్లినట్టు నీలి చుక్కలున్నాయి. సీసం, అన్నారాయన. ఒంట్లోకి సీసం చేరితే ఇలా ఉంటుందట. ముగ్గురు డాక్టర్లకు అందని జబ్బును పెదవి లాగి పట్టేసుకున్న ఆ మనిషిని చూసి ఆ రోజు నాకు ఎంత గర్వం వేసిందో, నేనే పట్టేసినంత.

సీసం ఎక్కడి నుంచి వచ్చిందో పెనిమిటిని అడగ్గానే తేలిపోయినట్టే అనిపించింది. అతను పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డులో పనిచేస్తున్నాడు. వాళ్ళు అద్దెకున్న గది ఆ షెడ్డుకు వెనకే, మధ్యలో ఒక మురికి కాలువ. వింతేమిటంటే, రోజంతా సీసం దగ్గర నిలబడేవాడు లేడిలా నడిచి తిరుగుతున్నాడు, ఇంట్లో ఉన్న ఆమె మంచానపడింది. అతని రక్తంలోనూ సీసం ఉంది గాని ఆమెలో ఉన్నంత లేదు. డాక్టరుగారు ఆలోచించి, అతని పని బట్టలు ఆమె దులిపి ఉతకడం వల్ల ఆ దుమ్ము ఆమె ఒంట్లోకి పోయిందని నిర్ణయించారు. సీసాన్ని ఒంట్లోంచి లాగేసే ఇంజక్షను ఉంది, కాని కడుపులో బిడ్డ ఉండగా దాన్ని వాడటానికి ఆయనకు చేయి రాలేదు. ఆ ఇంటికి దూరంగా ఉంచితే సీసం దానంతటదే తగ్గుతుందనీ, పది పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంచి మళ్ళీ రక్తపరీక్ష చేసి, తగ్గితే ఇంజక్షను లేకుండానే గట్టెక్కుదామనీ అన్నారు. ఇంటి నుంచి తిండి వద్దు, ఇంటి బట్టలు వద్దు, పెనిమిటి వార్డులోకి అడుగుపెట్టకూడదు. ఆమె నోట్లోకి పోయే ప్రతిదీ నేను చార్టులో రాయాలి.

అతను ఆ రోజే పని మానేశాడు. ఉప్పల్ వైపు ఎక్కడో బస్తాలు మోసే పనికి కుదిరి, పొద్దున్నే ఆ పనికి పోయి, మధ్యాహ్నం వచ్చి వార్డు కిటికీ అవతల నిలబడేవాడు. దగ్గరికి రావొద్దన్నాం కదా అని, కిటికీకి నాలుగడుగుల దూరంలోనే. ఆమె మంచం మీద లేచి కూర్చుని చూసేది.

మూడో రోజు మధ్యాహ్నం, వార్డంతా తిండి తిని మగతగా పడి ఉన్నప్పుడు, ఆమె నా కొంగు పట్టుకుని, "అక్కా, ఒక మాట చెప్త, నవ్వొద్దు" అంది. నవ్వనని ఒట్టుపెట్టించుకుంది. "మా ఇంటెన్క గోడ మన్ను జరంత తెచ్చియ్యవా. దాని మీదికే పానం గుంజుతున్నది. సారుకు చెప్పకు, ఇజ్జత్ పోతది." ఆ చివరి మాట అనేటప్పుడు మొహానికి చెంగు అడ్డం పెట్టుకుంది.

నా ఈడు ఆడవాళ్ళకు ఇందులో వింత ఏమీ కనపడదు. కడుపుతో ఉన్న ఆడది బలపాలు కొరకడం, పొయ్యి మట్టి గీరుకుని తినడం, కొత్త కుండ పెంకు బుగ్గన పెట్టుకోవడం మనం చూడనిదా? మా అమ్మ మా చిన్నచెల్లెల్ని మోసేటప్పుడు పొయ్యి గట్టు అంచు విరిచి తినేది. నాయనమ్మ తిట్టీ తిట్టీ, చివరికి తనే మంచి కాలిన ముక్క ఏరి అమ్మ చేతిలో పెట్టేది. కడుపుతో ఉన్నదాని కోరిక తీర్చకపోతే పుట్టిన బిడ్డకు చెవి కారుతుందని మా వైపు అందరూ అనేవారు. ఈ తెలంగాణ పిల్ల కూడా అదే అంది. నర్సింగు క్లాసులో ఆ మాట ఎవరో అంటే నేనే అందరికన్నా గట్టిగా నవ్వాను. నవ్విన నోరే ఆ మధ్యాహ్నం సరేనంది.

ముందు ఒక దుకాణంలో బలపాలు కొని తెచ్చిచ్చాను. కొరికి చూసి, సుద్దలా ఉందని వెనక్కిచ్చేసింది. ఆమెకు కావలసింది ఆ గోడే, ఎర్రమన్నుతో అలికిన ఆ గోడే, నీళ్ళు చిలకరిస్తే వాసన లేచే ఆ గోడే. మర్నాడు పొద్దున్నే డ్యూటీకి వచ్చేదాన్ని ఒక స్టాపు ముందు దిగి, సంచిలో కూరలు తరిగే చాకు వేసుకుని, ఆ వాడకు వెళ్ళాను. వాళ్ళ గది వెనక గోడ నా ఛాతీ ఎత్తున చాకుతో చెక్కి నిమ్మకాయంత మన్ను చేతిరుమాల్లో కట్టుకున్నాను. ఆమె పెనిమిటి అప్పుడే పనికి బయలుదేరుతూ నన్ను చూశాడు. నేను తడబడుతూ మీ ఆవిడ అడిగిందని చెప్పాను. అతను లోపలికి వెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి నా మట్టిచేతుల మీద పోశాడు. "దానికి నువ్వున్నవని నాకు ధైర్నం అక్కా" అన్నాడు. ఆ నీళ్ళ చల్లదనం ఈ పొద్దు కూడా నా చేతుల మీద ఉంది.

ఆ పదకొండు రోజుల్లో ఆరుసార్లు తెచ్చిచ్చాను. మధ్యాహ్నం రెండింటికి రుమాలు విప్పితే ఆమె మొహం ఎలా విచ్చుకునేదో చెప్పలేను. కొంచెం నీళ్ళు తడిపి, ముందు వాసన చూసి, కళ్ళు మూసుకుని చప్పరించేది. మొగుణ్ణి దగ్గరికి రానివ్వని, ఇంటి మెతుకు తిననివ్వని ఆ వార్డులో ఇంటి నుంచి ఆమెకు చేరింది అదొక్కటేనని నాకు జాలి. అది అయ్యాక చార్టు తీసి, ఆ రోజు తాగిన గంజి ఎంతో, మజ్జిగ ఎంతో, మాత్రలెన్నో ముత్యాల్లాంటి అక్షరాలతో నింపేదాన్ని. మన్ను రాయలేదు. ఒట్టు వేశాను కాబట్టి అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను గాని, అసలు కారణం అదొక్కటే కాదు. మన్ను తిండి కాదు కదా అనుకున్నాను. సీసమంటే షెడ్డులో ఉండేది, బరువుగా, బూడిదరంగులో మెరిసేది. మన్నంటే మన్ను. డాక్టరుగారు బట్టలన్నారు, నేను బట్టలనే నమ్మాను. ఇంత చదివి ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఒక్కసారైనా ఆలోచించలేదు.

ఎనిమిదో రోజు ఆమెకు నొప్పి మళ్ళీ మొదలైంది. పదో రోజుకు కుడి మణికట్టు వాలిపోయింది, గ్లాసు పట్టుకుంటే జారిపోయేది. పదకొండో రోజు తీసిన రక్తం ఫలితం నగరంలోని పెద్ద ల్యాబు నుంచి రెండు రోజుల తర్వాత వచ్చింది. తగ్గడం మాట అటుంచి, పెరిగింది. డాక్టరుగారు ఆ కాగితం పట్టుకుని నేరుగా వార్డులోకి వచ్చారు. చార్టు తెప్పించుకుని మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివారు. ఇందులో సీసం వచ్చే దారి ఎక్కడా లేదే అని తనలో తాను అనుకున్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను, అప్పుడు కూడా నాకు తట్టలేదంటే మీరు నమ్మాలి. నమ్మకపోయినా తప్పులేదు.

ఆ మధ్యాహ్నమే ఆయన వాళ్ళ ఇల్లు చూస్తానన్నారు. ఖాళీ ఇంజక్షను సీసాలు ఒక సంచిలో వేసుకుని, నన్ను లేబుళ్ళు అంటించడానికి వెంటపెట్టుకుని, కిటికీ దగ్గర నిలబడ్డ పెనిమిటిని దారి చూపమని బయలుదేరారు. నీళ్ళు, కారం, కుంకుమ, పొయ్యి బూడిద, ఒక్కోటి ఒక్కో సీసాలో పోయించారు. నేను లేబులు జిగురును నాలుకతో తడిపి అంటిస్తున్నాను. తర్వాత ఆయన వెనకవైపుకు వెళ్ళారు. కాలువ అవతల షెడ్డు పొగగొట్టం నుంచి బూడిదరంగు పొగ సన్నగా వచ్చి ఆ గోడ మీదికే వాలుతోంది. గోడలో కింద, కూర్చున్న మనిషి చేయి అందే ఎత్తున, గిన్నె అడుగులా నున్నగా అరిగిన గుంట ఉంది. డాక్టరుగారు పంచె ఎగగట్టి ఆ గుంట ముందు చతికిలబడి కూర్చున్నారు. చేయి చాపితే వేళ్ళు సరిగ్గా అందులో పడ్డాయి. వేలికంటిన మన్నును రుద్ది చూసుకుని, పొగగొట్టం వైపు ఒకసారి చూసి, "తింటోంది" అన్నారు.

నేను నాలుక మీద పెట్టుకున్న లేబులు తీయడం మరిచిపోయాను.

ఆయన లేచి నిలబడ్డారు. అప్పుడు ఆయన కళ్ళు పైనున్న ఇంకో గుంట మీద పడ్డాయి. అది నిలబడ్డ మనిషి ఛాతీ ఎత్తున ఉంది, చాకు గాట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి. ఆమె రెండు వారాలుగా మన దగ్గరే ఉంటే ఈ గోడను ఇంత కొత్తగా ఎవరు తవ్వారని ఆయన అడిగారు. నేను నోరు తెరిచానో లేదో నాకు గుర్తులేదు. తెరిచానని అనుకోవాలని ఉంది. నా నాలుక మీద జిగురు రుచి మాత్రం గుర్తుంది. నా పక్క నుంచి ఆ మనిషి ఒక అడుగు ముందుకు వేశాడు. "నేనే సార్. అది అడిగితె నేనే తవ్వి, కిటికీల నుంచి ఇచ్చిన" అన్నాడు.

డాక్టరుగారు ఎవరినీ గట్టిగా ఒక మాట అని ఎరగరు. ఆ రోజు అన్నారు. నీ భార్యకు, నీ బిడ్డకు నీ చేత్తోనే విషం పెట్టావని, నిన్ను కిటికీ దాకా రానివ్వడం మా తప్పని, వాడలో జనం పోగయ్యేంత గట్టిగా అన్నారు. అతను తల వంచుకుని విన్నాడు. ఒక్కసారి నా వైపు చూశాడు, ఆ చూపులో నిష్ఠూరం లేదు, నువ్వు ఊరుకో అక్కా అన్నట్టుంది. నేను ఊరుకున్నాను. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, ఇంటి దగ్గర నా జీతం కోసం చూసేవాళ్ళున్నారు, ఇలాంటి కారణాలు అప్పట్లో చాలా దొరికాయి. ఈ వయసులో ఒక్కటే మిగిలింది, నేను భయపడ్డాను.

మర్నాడు డాక్టరుగారు ఆ పదకొండు రోజుల చార్టులు మళ్ళీ తెప్పించుకున్నారు. ఒక్కో కాగితం మీద చూపుడు వేలు పెట్టి, ఒక్కో గడీ దాటుకుంటూ చదివి, అన్నిటికిందా సంతకం పెట్టి నా చేతికిచ్చారు. "నీ చేతిరాత చాలా బావుంటుంది అమ్మాయ్" అన్నారు. అంతే. అది మెప్పో, ఇంకేదైనానో, ఆయన బతికున్నన్నాళ్ళూ అడగలేకపోయాను.

ఏ ఇంజక్షను లేకుండా గట్టెక్కుదామనుకున్నారో ఆ ఇంజక్షనే అయిదు రోజులు ఇవ్వవలసి వచ్చింది. మన్నులో ఏముందో చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు, రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. తెచ్చింది నేనని ఆమె కూడా ఎవరికీ చెప్పలేదు. వార్డు ఆయమ్మ మాత్రం, గేటు దగ్గర ఆ మనిషి కనపడ్డప్పుడల్లా, "మన్ను వెట్టినోడొచ్చిండు సూడుండ్రి" అని అందరికీ వినపడేలా అరిచేది. ఆ పేరు ఆసుపత్రిలో స్థిరపడిపోయింది. హౌస్ సర్జన్లు కూడా అలాగే అనేవారు. అతను నవ్వి ఊరుకునేవాడు. నేను సూదులు మరగబెట్టే గిన్నె వైపు తిరిగి నిలబడేదాన్ని.

కాన్పు దాకా ఆమెను ఆ ఇంటికి పంపలేదు, నెల ముందే నొప్పులొచ్చి ఆడపిల్ల పుట్టింది. రెండు అరచేతుల్లో సరిపోయేంత పిల్ల, కాని గట్టిగా ఏడ్చింది. చెవుల్లో ఏమీ కారడం లేదు కదా అని మొదట చూసింది నేనే. ఇరవై ఒకటో రోజు తర్వాత ఆ పిల్లను తెచ్చి అందరికీ చూపించి, బెల్లం పంచి, వాళ్ళు ఆ వాడ ఖాళీచేసి నారపల్లి వైపు ఎటో వెళ్ళిపోయారు.

మూడు నాలుగేళ్ళు గడిచాక ఒక సాయంత్రం రామంతాపూర్‌లో షేర్ ఆటో కోసం నిలబడి ఉంటే, "అక్కా, మంచిగున్నవా" అని వెనక నుంచి పిలుపు. వార్డులో నాకు చెల్లెలైన ఆ అమ్మాయే. దండం పెట్టబోతే కుడి చేయి పూర్తిగా లేవలేదు. పక్కన అతను, అతని వేలు పట్టుకుని రెండు జడల పిల్ల. మేము మాట్లాడుకుంటుండగా పిల్ల వేలు వదిలి రోడ్డు వైపు రెండడుగులు వేసింది. ఒక బస్సు చెవులు చిల్లులు పడేలా హారను కొట్టుకుంటూ వచ్చింది. పిల్ల తల తిప్పలేదు. తండ్రి ఉరికి ఎత్తుకున్నాడు. "దీనికి వినవడదక్కా, పుట్టినకాన్నుంచి గంతే" అంది తల్లి, చాలాసార్లు చెప్పి అలవాటైన గొంతుతో. అతను పిల్లను భుజం మీద కూర్చోబెట్టుకుని చేతులతో ఏదో చెప్పాడు, పిల్ల కిలకిలా నవ్వింది.

ఆ తర్వాత ఎందరో డాక్టర్లను, ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. సీసం వల్ల కావచ్చన్నారు, నెల ముందు పుట్టడం వల్ల కావచ్చన్నారు, ఏదీ కాక కూడా కావచ్చన్నారు. ఆమె అయిదు నెలలుగా తిన్న మన్ను ముందు నా ఆరు నిమ్మకాయలంత మన్ను ఎంతని కూడా లెక్కవేసుకున్నాను. ఏ డాక్టరూ తేల్చలేనిది నేనేం తేలుస్తాను. ఆ సాయంత్రం వాళ్ళిద్దరి ముందూ ఏదో అనబోయాను. నా మొహంలో ఏం కనపడిందో, "ఆ ముచ్చట ఇప్పుడెందుకక్కా, మేమంత మంచిగనే ఉన్నం" అని అతనే అడ్డుకుని, నాకోసం ఆటో ఆపి, కూర్చోవడానికి చోటు చూపించాడు. మళ్ళీ వాళ్ళు నాకు కనపడలేదు. ఇప్పటికీ ఏదైనా హారను గట్టిగా మోగితే నేను ముందు చుట్టూ ఉన్న పిల్లల తలలు చూస్తాను, తిరిగాయో లేదోనని.

పై ఫ్లాటు అమ్మాయి ఇదంతా విని పార్సిలు నా దగ్గరే ఉంచమంది. మర్నాడు ఆ పార్సిలు సంచిలో పెట్టుకుని ఆమెతోపాటు నేనూ ఆమె డాక్టరు దగ్గరికి వెళ్ళాను. మర్యాదగల పిల్ల ఆ డాక్టరు, తప్పు పట్టడానికేమీ లేదు, రక్తపరీక్ష వెంటనే రాసింది. వివరాలన్నీ కంప్యూటరులో ఎక్కిస్తుంటే నేను తొంగిచూశాను. టీ, కాఫీ, సిగరెట్టు, మద్యం, అన్నిటికీ గడులున్నాయి. మన్నుకు గడి లేదు. ఎక్కడ రాస్తావమ్మా అని అడిగితే, ఇతరములు అన్నచోట రాస్తానంది. రాసేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు. నిన్న ఫలితం వచ్చింది, భయపడాల్సిందేమీ లేదట. "ఊకెనే భయపెట్టినవ్ ఆంటీ" అని ఆ పిల్ల నన్ను ఆటపట్టిస్తే నవ్వాను.

ఆ షెడ్డు లేదు, ఆ పొగగొట్టం లేదు. కాలువ మీద సిమెంటు పలకలు కప్పి రోడ్డు వేశారు. ఆ వాడ ఉన్నచోట అయిదంతస్తుల ఇళ్ళు లేచాయి, ఆ గోడ మన్ను ఏ పునాదిలోకి పోయిందో ఎవరికీ తెలియదు. మన కాలంలో మనిషి ఏం తిన్నాడో అడిగే తీరిక ఉండేది, దాచుకునే సిగ్గూ ఉండేది. ఇప్పుడు సిగ్గు పోయింది, మంచిదే, అడిగే తీరిక కూడా దానితోపాటే పోతోందేమోనని నా దిగులు. పెద్ద డాక్టరుగారు లేరు. ఆ చార్టులు ఎప్పుడో చిత్తుకాగితాల్లో కలిసిపోయి ఉంటాయి. కాని ఆ పదకొండు కాగితాల్లో ఆరు గళ్ళు ఖాళీగా ఉన్నాయని నాకు తెలుసు, ఆ ఖాళీ చోట ఒక నిరపరాధి పేరు నిలబడి ఉందని కూడా తెలుసు. ఎక్కడున్నారో, ఎలా ఉన్నారో, ఇది ఎప్పటికైనా వాళ్ళ కంట పడుతుందో లేదో. నా చేతిరాత ఇప్పుడు వణుకుతోంది, అయినా అర్థమయ్యేలానే ఉంది.

మధ్యాహ్నం రెండు గంటలు. గోడ మన్ను, నిమ్మకాయంత. తవ్వి తెచ్చి ఇచ్చినది, డ్యూటీ సిస్టరు.